పోయేదేమీ లేనివాళ్లే ముందు నోరు విప్పాలి

1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు నూటికి నలుగురికి పైనే. పద్దెనిమిది లక్షల మంది. 2011 లెక్కలకు వచ్చేసరికి 1.34 శాతం. పదకొండు లక్షల చిల్లర. ఆ నలభై ఏళ్లలో రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపైంది. క్రైస్తవులు మాత్రం ఏడు లక్షల మంది తగ్గిపోయారని కాగితం చెబుతోంది.

నేను నమ్మను. ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని. మా వైపు ఏ పల్లెకు వెళ్లినా ఒకటి ఉన్నచోట ఇప్పుడు మూడు మందిరాలున్నాయి. డిసెంబరు వస్తే ఇంటింటికీ నక్షత్రం కడతారు. ఉజ్జీవ సభలు పెడితే మైదానాలు చాలవు. ఇంతమంది ఉండి లెక్కలో ఎందుకు లేరు? ఆదివారం ఆరాధనలో చేతులెత్తి పాడినవాళ్లే సోమవారం ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని తలుపులన్నీ మూసుకుంటున్నారు గనక. లెక్కలు అడిగేవాడు గుమ్మంలోకి వచ్చినా సరే, లోకం మొత్తం వినేటట్టు పాడిన ఆ నోరే మూతపడుతోంది గనక.

దీనికి పిరికితనం అని పేరు పెట్టి చేతులు దులుపుకునే ప్రసంగీకుల మీద నాకు మొదటి కోపం. పేతురు చలిమంట దగ్గర బొంకాడు, మీరూ అంతే అని వేదిక మీద నుంచి గద్దించడం తేలిక. ఆ బల్లల మీద కూర్చున్నవాడు ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో తెలిసీ గద్దిస్తున్నారు. ముందు ఆ సంగతి చెప్పాలి.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరిట వెలువడిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మూడో పేరా అని ఒకటుంది. హిందూమతంలో లేనివాడు ఎస్సీ కాడు అన్నది దాని సారం. 1956లో దళిత సిక్కులకు మినహాయింపు వచ్చింది. 1990లో దళిత బౌద్ధులకు వచ్చింది. దళిత క్రైస్తవుడు, దళిత ముస్లిం ఇప్పటికీ గడప బయటే ఉన్నారు. ఎస్టీలకు ఈ షరతే లేదు, వాళ్లు ఏ దేవుణ్ని కొలిచినా ఎస్టీలే. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలను, వాళ్ల సంతానాన్ని బీసీ-సి అని ఒక గుంపు చేసి ఒక్క శాతం రిజర్వేషన్ చేతిలో పెట్టారు. పదిహేను శాతం ఉన్న వరుసలో నుంచి తీసి ఒక్క శాతం ఉన్న వరుసలో నిలబెట్టడానికి ఆ మనిషి చేసిన నేరం ఏమిటి? క్రీస్తును నమ్ముకున్నానని చెప్పడం. అంతే.

మతం మారితే కులం పోతుందని కదా దీనికి చెప్పే సమాధానం. పోయిందా? 1985 జూలై 17న కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపినవాళ్లు ఎవడికి బాప్తిస్మం అయిందో ఎవడికి కాలేదో వాకబు చేసి కొట్టారా? ఆ పల్లెలో మందిరానికి వెళ్లేవాళ్లు ఎంతమంది! ప్రాణాలు దక్కించుకుని చీరాల చేరినవాళ్లు తలదాచుకున్నది చర్చి ఆవరణలో. 1991 ఆగస్టు 6న చుండూరులో తరిమి తరిమి ఎనిమిది మంది దళితులను నరికినప్పుడు మతం ప్రస్తావన ఎక్కడైనా వచ్చిందా? ఊరికి కులం కనిపిస్తుంది, గొడ్డలికి కులం కనిపిస్తుంది, చట్టానికి మాత్రం కనిపించదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు తనకూ అందరితోపాటు బంకు ఇమ్మని సుప్రీంకోర్టు దాకా వెళ్తే, మతం మారాక కూడా ఆ వివక్ష అదే తీవ్రతతో ఉందని రుజువులు చూపలేదని 1985లోనే తిప్పి పంపారు. 2025లో మన హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును ఆయన క్రైస్తవుడన్న కారణంతో కొట్టేసింది. తిట్టినవాళ్లు ఏ పేరు పెట్టి తిట్టారన్నది కాక, తిట్టించుకున్నవాడు ఏ దేవుణ్ని కొలుస్తాడన్నది ప్రశ్నైపోయింది.

ఇదీ భయం పుట్టిన చోటు. డెబ్భై ఐదేళ్ల నాడు ఢిల్లీలో ఒక ఉత్తర్వులో పుట్టి, తహశీల్దారు ఆఫీసు మీదుగా మన ఇళ్లలోకి వచ్చింది. పదో తరగతి ఫారం నింపేటప్పుడు మతం గడి దగ్గర తండ్రి పెన్ను ఆగుతుంది చూడండి, అక్కడ పిల్లవాడికి మొదటి పాఠం అందుతుంది. ఈ ఇంట్లో ఏసయ్య ఉన్నాడు, ఈ కాగితంలో ఉండకూడదు. ఆ పాఠం వాడు జన్మలో మరిచిపోడు. దళితుడి నిజాయితీకి ఈ దేశం వేసిన జరిమానా అది. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమని సిఫారసు చేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వమని తీర్మానం చేసింది. సుప్రీంకోర్టులో పిటిషన్లు 2004 నుంచి నలుగుతున్నాయి. 2022లో మళ్లీ జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి గడువు పొడిగిస్తూ పోయారు. అన్నీ ఉన్నాయి, న్యాయం ఒక్కటే లేదు.

కాబట్టి తన పిల్ల మెడిసిన్ సీటు కోసం నోరు మూసుకున్న కూలి తండ్రిని నేను నిందించను. నా సర్టిఫికెట్‌లో బీసీ-సి అని ఉంది. అది ఉంచుకున్నందుకు నేనేమీ ఆయన కంటే గొప్పవాణ్ని అయిపోను. ఎవడి నెత్తిన ఎంత బరువుందో వాడికే తెలుసు. చెప్పకుండా ఉండే హక్కూ మనిషికి ఉంది.

నా కోపం రెండోవాడి మీద. పోయేదేమీ లేకుండా దాక్కున్నవాడి మీద.

ఉద్యోగం పర్మినెంటైంది. ప్రమోషన్లు అయిపోయాయి. రిటైరై పెన్షన్ వస్తోంది. పిల్లలు ప్రైవేటు కంపెనీల్లో స్థిరపడ్డారు, కొందరు డల్లాస్‌లో ఇళ్లు కొన్నారు. అయినా నోరు తెరవడు. ఆ పక్కనే రెడ్డి క్రైస్తవుడున్నాడు, కమ్మ క్రైస్తవుడున్నాడు. ఫిరంగిపురం వైపు తరతరాలుగా కతోలికులైన రెడ్ల ఇళ్లున్నాయి. వీళ్లు ఓసీలు. క్రైస్తవుణ్నని చెప్పినా ఓసీలే, చెప్పకపోయినా ఓసీలే. ఏ ఉత్తర్వూ వీళ్ల వెంట్రుక కదిలించలేదు. అటువంటివాడు బయట కనిపిస్తే ఇంటిపేరు, కులసంఘం వనభోజనం గురించి మాట్లాడతాడు గానీ ఆదివారం గురించి మాట్లాడడు. క్రైస్తవుడంటే మాలో మాదిగో అనుకుంటారని కదా ఆ బెదురు? తన రక్షకుడి పేరు పలికితే తనకు ఆ పల్లె వాసన అంటుతుందని కదా? అది భయం కూడా కాదు, కులగర్వం. దాన్ని సిలువ కింద పెట్టి ఏడవాల్సింది పోయి సంఘంలో ముందు వరుస కుర్చీ వేసి కూర్చోబెడుతున్నాం.

ఈ దాపరికం ఎంత చిల్లరగా మారిందో దగ్గరి నుంచి చూశాను. పెళ్లికి రెండు రకాల శుభలేఖలు వేయించే ఇళ్లు మా బంధువుల్లోనే ఉన్నాయి. సంఘస్తులకు పంచే దాని మీద పావురం, సిలువ, వాక్యం, పాస్టరుగారి పేరు. ఆఫీసువాళ్లకు ఇచ్చే దాని మీద అవేవీ ఉండవు, ఫంక్షన్ హాలు పేరు, రాత్రి విందు టైము మాత్రం ఉంటాయి. విందు పిలుపు వాళ్లకు, ప్రార్థన పిలుపు మనకు. ఫోనులో పాస్టరుగారి నంబరు పక్కన ‘పి. సార్’ అని ఉంటుంది. నలుగురి మధ్య ఉండగా ఆయన ఫోను చేసి వందనాలండీ అంటే, ఇటువైపు నుంచి నమస్తే సార్, మళ్లీ చేస్తాను అని జవాబు. సోమవారం టీ దగ్గర నిన్న ఎక్కడికెళ్లారని ఎవరైనా అడిగితే చుట్టాలింటికి అని చెబుతారు. వారం వారం అదే చుట్టం.

మాకు తెలిసిన ఒకాయన ఒక జిల్లా కేంద్రంలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కొన్నేళ్ల కిందట కన్నుమూశాడు. కబురు తెలిసి పాత ఆఫీసువాళ్లు కారులో వచ్చారు. వాకిట్లో షామియానా కింద పెట్టె, దాని మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద నల్ల సిలువ. ఆడవాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి పాడుతున్నారు. వచ్చినవాళ్లలో ఒక పెద్దమనిషి గేటు దగ్గరే ఆగి, ఇంటి నంబరు మరొకసారి చూసుకున్నాడు. వేరే ఇంటికి వచ్చామేమో అని. పక్కపక్క సీట్లలో ఇరవై ఏళ్లకు పైగా కూర్చున్న మనిషి! ఆయన భార్య ఆపరేషన్‌కు ఈయన రక్తం ఇచ్చాడు. ఈయన కొడుకు సీటుకు ఆయన తిరిగాడు. అంత స్నేహంలోనూ ఈ ఒక్క మాటకు చోటు లేకపోయింది. ఆ పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి అడిగాడు, ‘మాకు చెబితే మేమేం చేసేవాళ్లమండీ?’ అని. ఆ గొంతులో ద్వేషం లేదు, నొచ్చుకున్నాడు. నేను జవాబు చెప్పలేదు. పెట్టె పక్కన నిలబడి చెప్పే జవాబు కాదది. ఆ జవాబు ఇరవై ఏళ్ల కిందట, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, నవ్వుతూ చెప్పాల్సింది.

మన గురించి వాళ్లకు ఏం తెలుసు? మనం చెప్పకపోతే వేరేవాళ్లు చెప్పిందే తెలుస్తుంది. ఆ వేరేవాళ్లు చెప్పేది ఏమిటో మీకూ తెలుసు. గొర్రెలు అంటారు. బియ్యం బస్తాకు మతం అమ్ముకున్నారు అంటారు. ఆ మాట విని తల దించుకునే మన కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. మీ తాతల చరిత్ర మీకు ఎవరూ చెప్పలేదా?

1876 నుంచి 78 దాకా ధాత కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని ఇచ్చాడు. అన్ని కులాలవాళ్లూ ఆ కట్ట మీద మట్టి మోశారు. మాకు బాప్తిస్మం ఇవ్వండని జనం అడిగారు. ఇవ్వలేదు. గంజి కోసం చేరారన్న మాట రాకూడదని నెలల తరబడి ఆపాడు. కాలువ పని ముగిసింది, ఇక మీకు ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదని చెప్పాడు. అప్పుడు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది నీళ్లలోకి దిగారు. పంచడానికి బియ్యం లేనినాడు దిగారు!

వాళ్ల కంటే ముందు 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ల పని చేసుకునే మాదిగ. తాళ్లకొండపాడు నుంచి ఊరూరా నడిచి తాను నమ్మింది చెప్పాడు. ఆ తొలి విశ్వాసులు జాతరలో డప్పు కొట్టం అన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు, ఆదివారం వెట్టికి రాం అన్నారు. ఊరు ఊరుకుందా? బావి కట్టేసింది, పని మానిపించింది, కరణం చేత కేసులు పెట్టించింది. పొలం లేదు, పలక లేదు, అండగా పోలీసు లేడు, కోర్టు లేదు. అయినా చెప్పారు. ఆ కడుపున పుట్టి, ఎం.టెక్ చదివి, ఏసీ గదిలో కూర్చున్న మనుమడు తాను ఎవరో చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాడు. చెప్పుకోవడానికి ఇంత చరిత్ర ఉన్నవాడికి తల ఎందుకు వంగాలి?

జాషువాను చూడండి. 1895లో వినుకొండలో క్రైస్తవ ఇంట పుట్టిన గుర్రం జాషువా. పద్యం చదివితే సభ ఊగిపోయేది, కులం తెలిశాక మొహం చిట్లించేది. హిందూ పురాణాల మీద కవిత్వం రాస్తాడని ఇటు క్రైస్తవ పెద్దలూ వేలెత్తి చూపారు. రెండు గడపల దగ్గరా దెబ్బలు తిన్నాడు. పేరు మార్చుకున్నాడా? జాషువా అన్న పేరే చాలు, ఆ మనిషి ఎక్కడివాడో చెప్పడానికి. ఆ పేరుతోనే ‘గబ్బిలం’ రాశాడు, ఆ పేరుతోనే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు తీసుకున్నాడు. మనవాళ్లు ఫేస్‌బుక్‌లో పేరు సగానికి కుదించుకుంటున్నారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నోరు విప్పడమంటే మైకు పట్టుకుని పక్కవాడి దేవుణ్ని తిట్టడం కాదు. యూట్యూబ్‌లో వ్యూస్ కోసం ఇతరుల దేవతల మీద నోరు పారేసుకునే బోధకులు తయారయ్యారు. వాళ్లకు ధైర్యవంతులని మనలోనే చప్పట్లు కొట్టేవాళ్లున్నారు. ఆ వీడియో వైరలైన మర్నాడు స్టాఫ్ రూములో ఒంటరిగా కూర్చున్న క్రైస్తవ టీచరమ్మ మీద ఎన్ని చూపులు పడతాయో వాళ్లకు పట్టదు. ఆమె ఆరు నెలల్లో కూడగట్టుకున్న ధైర్యాన్ని వీళ్లు ఆరు నిమిషాల్లో తుడిచేస్తారు. తిరుమల లాంటి క్షేత్రాల్లో అన్యమత ప్రచారం వద్దని 2007లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ కొండ మీద మనకు పని లేదు. మన పని మన వీధిలో, మన ఆఫీసులో, మన పేరుతో నిలబడటం. రాజ్యాంగం 25వ అధికరణం నమ్ముకోవడానికీ, ఆచరించడానికీ, ప్రచారం చేయడానికీ హక్కు ఇచ్చింది. బలవంతం, ఆశ పెట్టడం ఆ హక్కులో లేవు, ఉండకూడదు కూడా. కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో మతమార్పిడి నిరోధక చట్టాల పేరుతో ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నా పోలీసులు తలుపు తడుతున్నారు. 2008లో ఒడిశాలోని కంధమాల్‌లో ఇళ్లు తగలబెట్టినా ఏసును విడవం అన్న నిరుపేదలు అడవుల్లో దాక్కున్నారు. మనకు ఇక్కడ అటువంటి చట్టం లేదు. ఉన్న ఈ వెసులుబాటులో కూడా నోరు విప్పనివాడు రేపు చట్టం వస్తే విప్పుతాడా?

మాట్లాడటం ఎలాగో అడిగే యువకులు నాకు తగులుతుంటారు. పెద్ద సాక్ష్యం ఏదో తయారు చేసుకోవాలనుకుంటారు. అక్కర్లేదు. నిన్న ఎక్కడికెళ్లావంటే చర్చికి అను. ఆఫీసులో ప్రసాదం పెడితే గాభరా పడి టేబులు సొరుగులో దాచకు, నేను చర్చికెళ్తానండీ, తీసుకోను, ఏమీ అనుకోకండి అను. చాలామంది ఏమీ అనుకోరు, కొందరు మొహం ముడుచుకుంటారు, వారం పోయాక మళ్లీ టీకి పిలుస్తారు. శుభలేఖ ఒకటే వేయించు. పిల్లవాడికి పెట్టిన పేరుతోనే బడిలో పిలిపించు. మొదటిసారి గొంతు వణుకుతుంది, ఫరవాలేదు. నీకొదేము కూడా మొదట ఏసు దగ్గరికి రాత్రిపూటే వచ్చాడు. శిష్యులు చెదిరిపోయిన నాడు, బాహాటంగా, ఏసు శరీరాన్ని సమాధి చేయడానికి వచ్చినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

సంఘ పెద్దలకూ ఒకటి చెప్పాలి. గద్దింపులు చాలించండి. రెడ్డి చర్చి, మాల చర్చి, మాదిగ చర్చి అని మనమే గోడలు కట్టుకుని కూర్చుని, మతం మారితే కులం పోతుందా అని కోర్టు అడిగినప్పుడు ఏ మొహంతో జవాబిస్తాం? మూడో పేరా మీద ఏటా ఆగస్టు 10న నల్లరిబ్బను కట్టుకుని ఫొటో దిగితే సరిపోదు. ఓసీ విశ్వాసి తన దళిత సోదరుడి కోసం ధర్నాలో కూర్చుంటే, ఆ ఫొటో పేపర్లో పడితే, అప్పుడు ఆ కూలి తండ్రి పెన్ను కాస్త కదులుతుంది. భద్రంగా ఉన్నవాడు ముందు నిలబడితేనే బెదిరినవాడు వెనక నిలబడగలడు. మనం తిరగేశాం. పేదవాణ్ని ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పమంటున్నాం, కలిగినవాడు వెనక బల్ల మీద మాస్కు పెట్టుకుని కూర్చుంటున్నాడు.

ఇక పని ఒకటి ముందుంది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు మనుషులు మన గుమ్మంలోకి రాబోతున్నారు. వచ్చేది చాలా చోట్ల మన ఊరి బడి పంతులే కావచ్చు, అదే మన బెరుకు కూడా. తెలుసుకోండి, 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీరు ఇచ్చిన వివరాల రికార్డు బయటివాళ్లు చూడటానికి వీల్లేదు, మీ మీద కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. రిటైరైన ఆఫీసరు గారూ, అమెరికాలో పిల్లలున్న అమ్మగారూ, ఫిరంగిపురం రెడ్డిగారూ, మీకైతే ఆ రక్షణ కూడా అవసరం లేదు. పంతులుగారు పేరు చూసి మతం గడి ఆయనే నింపేయబోతే ఆపండి. క్రైస్తవులం అని చెప్పండి. పక్కింటివాళ్లు వింటున్నా సరే. ఫోనులో ఏం నొక్కారో చూపించమని అడిగి, చూసి, అప్పుడు ఆయనకు మంచినీళ్లిచ్చి పంపండి.